ప్లానులో ఆ చెట్టును కూడా గీయించండి

గుంటూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,



బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పొద్దున్నే తీరిగ్గా తిరిగే అలవాటున్న మనిషిని నేను. ఆరోగ్యం కోసం చేసే వాకింగ్ వేరు. దానికి బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం ఉంది, చేతులు ఊపుకుంటూ చుట్లు కొట్టేవాళ్లు అక్కడికి వెళతారు. నేను చెప్పే నడకలో తొందర ఉండదు. ఒక గేటు ముందు ఆగుతాం, తలెత్తి పిట్టగోడ చూస్తాం, రాలిన పువ్వేదో తీసి వాసన చూస్తాం, ఎవరైనా పలకరిస్తే నిలబడి మాట్లాడతాం. ఇలా ఏళ్ల తరబడి తిరిగాక మీకు చెప్పుకోవలసిన మాట ఒకటి మనసులో గట్టిపడింది. దాని కోసమే ఈ ఉత్తరం.

ఇలా తిరగడానికి బ్రాడీపేటంత అనువైన చోటు మన జిల్లాల్లో అరుదు. ఇంగ్లీషు దొరల పేర్లతో వెలిసిన పేటలివి. రైలు కట్టకి అటు అరండల్‌పేట, ఇటు బ్రాడీపేట. లైన్లు ఒక వైపు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు ఇంకో వైపు. అడ్రసులో 4/14 అని రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డని ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కొత్తగా వచ్చినవాడు కూడా దారి తప్పడు. తప్పినా నష్టం లేదు, ఏ మలుపు తిరిగినా మళ్లీ ఏదో ఒక లైనులోకే వచ్చి పడతాడు. కాబట్టి దారి చూసుకునే పని లేకుండా ఇళ్లనీ చెట్లనీ చూస్తూ పోవచ్చు.

మన గుంటూరు 1866లో మునిసిపాలిటీ అయిన ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు హైకోర్టు మన ఊరికి వచ్చింది. 1954 నుంచి 1956 దాకా ఇక్కడే నడిచింది. అంతకు ముందు నుంచీ జిల్లా కోర్టులు, కాలేజీలు, పొగాకు వ్యాపారం ఉన్న ఊరు కావడంతో వకీళ్లూ డాక్టర్లూ మేష్టర్లూ వర్తకులూ కట్టుకున్న ఇళ్లు ఈ పేటల్లో కనిపిస్తాయి. పాత వకీలు ఇంటిని చూడగానే పోల్చుకోవచ్చు. వరండాకి ఒక కొసన రోడ్డు వైపు తలుపు పెట్టి ఒక గది విడిగా ఉంటుంది. కక్షిదారులు ఇంటి ఆడవాళ్ల మధ్య నుంచి నడవనక్కర్లేకుండా నేరుగా ఆ గదిలోకే వెళ్లేవారు. ఇప్పుడు ఆ గదుల్లో జిరాక్సు మిషన్లున్నాయి, కొన్నింట్లో హాస్టల్ వార్డెన్ కూర్చుంటున్నాడు.

నేను ఎక్కువగా ఆగే ఇల్లు ఒక అడ్డరోడ్డు మూల మీద ఉంది. ఇంటివారి పేరు రాయను, వారి అనుమతి తీసుకోలేదు. ముందు గుండ్రటి స్తంభాల వరండా. నేల ఎర్ర గచ్చు. రోజూ తడిగుడ్డ పడీ పడీ నున్నబడి, పొద్దుటి వెలుతురు పడితే మెరుస్తుంది. ద్వారబంధం మీద రంగుటద్దాల వెంటిలేటరు, అందులో ఒక అద్దం పగిలితే దాని చోట అట్టముక్క పెట్టారు. పైకప్పు మద్రాసు టెర్రస్: టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఏటవాలుగా నిలబెట్టి, సున్నంతో బిగించిన కప్పు. దూలాలకి ఉయ్యాలబల్ల కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. గోడలకి పూసింది గానుగ సున్నం. ఎద్దును కట్టి గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ కలిపి వాడేవారట. సున్నం బట్టీలకు పేరుపడిన పిడుగురాళ్ల మనకు ఎంతో దూరం లేదు, నాపరాళ్ల మాచర్ల దాని అవతల. మేడ పిట్టగోడకి జాలీ పెట్టారు, గాలి అందులోంచి దూరి పోతుంది. ఆ పిట్టగోడ నడినెత్తిన, ఇల్లు కట్టిన సంవత్సరం ఉబ్బెత్తు అంకెల్లో ఉండేది, వెల్లల మీద వెల్లలు పడి చదవడానికి వీల్లేకుండా పూడిపోయింది.

రోహిణి కార్తెలో ఆ ఇంటి వరండాలో నిలబడితే తేడా ఒంటికే తెలుస్తుంది. దీనికి మందపాటి గోడలు ఎంత కారణమో, గోడకీ ప్రహరీకీ మధ్యనున్న మట్టి కూడా అంతే కారణం. ముందు వైపు పది పన్నెండు అడుగులు, పక్కల కాస్త తక్కువ, వెనక పెరడు. ఆ మట్టిలోనే ఒక వేప, ఒక మామిడి, కొబ్బరి, నందివర్ధనం, గేటు మీదికి ఎక్కిన రాధామనోహరం. పెరటి గోడ పక్కన కరివేపాకు చెట్టు, దాని ఆకు ఆ వరస ఇళ్లన్నింటికీ పోతుంది. పాత పేటల్లో ఇంటికో చెట్టు ఉండడానికి అప్పటివాళ్లు మనకంటే ప్రకృతి ప్రేమికులు కావడం కారణమని నేననుకోను. వేరు దిగడానికి చోటు వదిలి కట్టారు. చోటుంటే మొక్క దానంతట అదే వస్తుంది. పిట్ట వేసిన గింజకి కూడా అక్కడ బతుకు దొరుకుతుంది.

వీధి చెట్ల సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన భాగం ఇదే.

సంక్రాంతి వెళ్లాక బాదం చెట్లు ఎర్రబడతాయి. పెద్ద పెద్ద ఆకులు రాగి రంగుకి తిరిగి ఒక్కొక్కటే రాలిపడుతుంటే ఊడ్చేవాళ్లకి విసుగు, చూసేవాళ్లకి పండగ. ఆ తర్వాత వేప ఆకు రాల్చి, ఉగాదికి లేత చిగురుతో, పూతతో తయారవుతుంది. పండగ పొద్దున పచ్చడిలోకి పువ్వు కోసం పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకున్న తండ్రులు ఇప్పటికీ కనపడుతున్నారు. కానుగది అన్నింటికంటే అందమైన పని. ఎండలు ముదిరే వేళకి నిగనిగలాడే కొత్త ఆకుతో గొడుగు పట్టేస్తుంది. నీడకి ఏ చెట్టు మంచిదని రిక్షావాళ్లని అడిగితే కానుగ పేరే ముందు చెబుతారు. దాని పూత రాలినప్పుడు కింద ఆపిన స్కూటర్ల సీట్ల మీద లేత వంగపండు రంగు పొర ఒకటి పరుచుకుంటుంది. మే నెలలో తురాయి. తొలకరి దగ్గరపడుతుంటే నిద్రగన్నేరు. పొద్దుగూకగానే ఆకులు ముడుచుకునే ఈ చెట్టు అమెరికా ఖండం నుంచి వచ్చి మన రోడ్ల మీద స్థిరపడిపోయింది, మబ్బు కమ్మినా ముడుచుకుంటుంది. పొగడ చెట్లు తక్కువే మిగిలాయి. ఒక గుడి గోడ పక్కన ఒకటి ఉంది, తెల్లవారేసరికి దాని కింద నేలంతా చిన్న చిన్న చక్రాల్లాంటి పూలు. వాడిపోయినా వాసన పోని పువ్వు అది.

వీటన్నింటిలో ఒక వేప దగ్గర మీరు ఆగాలి. ఒక అడ్డరోడ్డు మధ్యలో, కాలువకి ఆనుకుని ఉంది. ఇద్దరు చేతులు కలిపితే గాని కౌగిలికి అందదు. కింద ఇస్త్రీ బండి. ఆ బండి పెద్దాయన్ని నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటాడు.

"ఈ చెట్టు ఎన్నాళ్ల నుంచి ఉంది బాబాయ్?" అని అడిగితే, "మా నాయన బండి పెట్టేనాటికే ఇంత లావుందండీ మాస్టారూ. నడెండలో కూడా బొగ్గుల పెట్టె పట్టుకుని ఇక్కడ నిలబడగలుగుతున్నానంటే దీని పుణ్యమే" అన్నాడు.

దగ్గరికి వెళ్లి మొదలు చూడండి. రోడ్డుకి సిమెంటు వేసినప్పుడు మాను దాకా పోసేశారు. ఆ పని ఎవరు చేశారో వెతకడం నా ఉద్దేశం కాదు, ఎక్కడ చూసినా ఇలాగే ఉంటోంది. మాను లావెక్కుతూ సిమెంటు అంచుని ఒరుసుకుంటోంది. బెరడు పెదవిలా పొంగి ఆ అంచు మీదికి ఎక్కింది. ఒకచోట చీలి జిగురు కారి గట్టిపడింది. వాన నీళ్లు లోపలికి దిగే దారి లేదు, దాని కాళ్ల మీదుగానే కాలువలోకి పోతున్నాయి. మనిషి ఎత్తులో కోచింగ్ సెంటర్ల రేకు బోర్డులు మేకులతో కొట్టారు. పాత మేకుల్ని చెట్టు లోపలికి మింగేసింది, తలకాయలు మాత్రం కనపడతాయి. పైన కేబుల్ తీగల కట్టలు. కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టడం అవసరమే, కాదనను. కాని ప్రతి ఏడాదీ ఒక వైపే కొట్టుకుంటూ పోతే బరువంతా రెండో వైపుకి చేరుతుంది. మొదలు దగ్గర వేళ్లకి మట్టి లేదు, పైన తూకం లేదు. అలాంటి చెట్టు గాలివానకి పడిపోతే గాలివానని నిందించి ఏం లాభం?

ఇక ఇళ్ల విషయం. నేను తిరిగే లైన్లలో పాత ఇళ్లు ఒక్కొక్కటే పోతున్నాయి. ఎవర్నీ తప్పు పట్టలేను. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు. ఇక్కడ డెబ్భై దాటిన దంపతులు, లేదా ఒంటరిగా ఒక పెద్దావిడ. టెర్రస్ ఉరుస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు, దొరికినా ఆ ఖర్చు పెన్షన్‌కి అందదు. అన్నదమ్ముల వాటాలు తేలాలి. అమరావతి రాజధాని అన్నాక స్థలాల ధరలు చెప్పనక్కర్లేదు. చివరికి డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తారు. ఇంటి స్థలంలో ఐదంతస్తులు లేస్తాయి, వాళ్లకీ కొన్ని ఫ్లాట్లు వస్తాయి, ముసలితనంలో లిఫ్టు, వాచ్‌మన్ ఉంటారన్న ధైర్యం వస్తుంది. ఆ ఇంట్లో బతికినవాళ్ల కష్టం రోడ్డు మీద నిలబడి మురిసిపోయే నాకు తెలియదు కాబట్టి, ఇల్లు పడగొట్టొద్దని చెప్పే హక్కు నాకు లేదు.

కాని పడగొట్టే రోజున నిలబడి చూశాను. పాత ఇళ్లు విప్పే కాంట్రాక్టరు వస్తాడు. ఇంట్లో ప్రతి వస్తువుకీ అతని దగ్గర ధర ఉంటుంది. టేకు దూలాలు విడిగా, ద్వారబంధాలు విడిగా, తలుపులు జతల లెక్కన, కిటికీ ఊచలు తూకానికి, పెరటి వంటగది మీది బెంగుళూరు పెంకులు వందల లెక్కన. పాత ఇటుకని కూడా సున్నం గీకి వరస పేర్చి అమ్ముతారు. నాపరాళ్లు మళ్లీ ఎవరి డాబా మీదికో పోతాయి. అరవై డెబ్భై ఏళ్ల కలపకి ఇంకో ఇంట్లో బతుకు దొరుకుతుంది, అది చూస్తే నాకు సంతోషమే. ముందు వైపు ఉన్న మామిడికీ వేపకీ మాత్రం కట్టెల ధర కడతారు. అది కూడా కొట్టి పట్టుకుపోయేవాడికే వదిలేస్తారు. ఆ స్థలంలో ఇంకా పెరుగుతూ ఉన్నవి ఆ రెండే. ఆ ఇంట్లో ఉన్న వాటన్నింటిలోకీ మళ్లీ కొనలేనివి కూడా అవే.

అన్ని చోట్లా చెట్టు అడ్డం వస్తుందా అంటే, రాదు. ఇది నేను పనిగట్టుకుని గమనించిన విషయం. పాత ఇంటి చెట్టు ఎక్కువగా ప్రహరీకి దగ్గర్లో ఉంటుంది. కొత్త భవనం చుట్టూ ఎలాగూ సెట్‌బ్యాక్ వదలాలి. చెట్టు సరిగ్గా ఆ వదిలే చోటులోనే నిలబడి ఉంటుంది. అయినా మొదటి రోజే కొట్టేస్తారు, ఎందుకంటే జేసీబీ తిరగడానికి, ఇసుక పోయడానికి, ఇనుము దించడానికి స్థలం అంతా చదునుగా ఉంటే సులువు. ఏడాదిన్నర పనికి అడ్డమని అరవై ఏళ్ల చెట్టు పోతుంది. భవనం పూర్తయ్యాక ఆ సెట్‌బ్యాక్‌లో టైల్సు పరుస్తారు, కార్లు తిప్పుకుంటారు, గేటు పక్కన రెండు కుండీలు పెడతారు. చుట్టూ పచ్చదనానికి చోటు వదలాలన్న నియమం కాగితం మీద ఉంది. మనం టేపు పట్టుకుని కొలిచేది ఖాళీని. ఆ ఖాళీలో మట్టి మిగిలిందో లేదో కొలవడం లేదు.

నేను చూసిన ఇంటి ప్లానుల్లో బోరు ఎక్కడో ఉంటుంది, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, మెట్లు, లిఫ్టు, కార్లు ఆగే గళ్లు కూడా గీసి ఉంటాయి. ఆ స్థలంలో అప్పటికే నిలబడి ఉన్న చెట్టు ఆ కాగితం మీద కనపడదు. కాగితం మీద లేనిదాన్ని కొట్టేస్తే ఎవరికీ తెలియదు, అడిగేవాడూ ఉండడు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలని చాలామంది ఇంటివాళ్లకి తెలియనే తెలియదు. చెబితే ఆశ్చర్యపోతారు. చెట్టు కూడా ప్లానులో ఉంటే ఆ మాట మంజూరు దశలోనే వస్తుంది.

కాబట్టి నా మొదటి విన్నపం ఇది. పాత ఇల్లు తీసి కొత్తది కట్టే స్థలాల ప్లానుల్లో, అక్కడున్న పెద్ద చెట్లని మాను చుట్టుకొలతతో సహా గుర్తించి గీయమని అడగండి. నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు జతచేయమనండి. సెట్‌బ్యాక్‌లో పడే చెట్టుని ఉంచి కట్టమని ముందే చెప్పండి. పని జరిగినన్నాళ్లూ దాని చుట్టూ రేకులు పాతించండి. నిజంగా పునాదికి అడ్డమైన చెట్టు ఉంటే, ఆ సంగతి కాగితం మీద రాసి, అనుమతి తీసుకుని కొట్టనివ్వండి. ఇందులో బిల్డరుకి ఒక అడుగు స్థలం కూడా పోదు. తెలివైన బిల్డరైతే ముందు ఆ మామిడి నీడనే చూపించి ఫ్లాట్లు అమ్ముకుంటాడు.

రెండోది వీధి చెట్ల మొదళ్లు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ ఊళ్లో చెట్టుకి అవసరమైన మీటరు మట్టి మన ఊళ్లోనూ అవసరమే కదా. డ్రిల్లింగ్ మిషన్‌తో పగలగొడితే వేరు దెబ్బతింటుంది, సుత్తి, ఉలితో చేయాల్సిన పని ఇది, మేస్త్రీకి ఆ మాట చెప్పి చేయించాలి. తీసిన చోట ఎర్రమట్టి, ఆకు ఎరువు వేసి, కాస్త పల్లంగా వదిలితే వాన నీళ్లు అక్కడే ఇంకుతాయి. ఇరుకైన అడ్డరోడ్డులో మీటరు వదలడం కుదరకపోతే, కుదిరినంతే వదలండి. మేకులు పీకించడం దీనికంటే సులువు.

కొత్తగా నాటే మొక్కల గురించి కూడా ఒక మాట. తొందరగా పెరుగుతుంది, ఆకు రాల్చదు అని కోనోకార్పస్ లాంటివి వరసలు వరసలుగా పెట్టే రోజులు చూశాం, తెలంగాణలో తర్వాత ఆపేయమన్నారు. మనకి కానుగ ఉంది, వేప ఉంది, పొగడ ఉంది. ఆకు రాలుస్తాయని వీటిని దూరం పెట్టకండి. ఆ రాల్పు ఏడాదికి కొన్ని వారాలు, నీడ మిగతా ఏడాదంతా.

పిల్లలమర్రినీ తిమ్మమ్మ మర్రిమానునీ చూడటానికి మనం బస్సులేసుకుని వెళతాం. పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి కాపాడుకున్నారు, అందరూ ఆ ఫొటోలు చూసి మెచ్చుకున్నారు. వీధి వేపకి అంత వైద్యం అక్కర్లేదు. దాని పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉంటే చాలు. ప్రదీప్ కృషెన్ 2006లో ఢిల్లీ చెట్ల మీద ఒక పుస్తకం తెచ్చారు. ఏ రోడ్డులో ఏ చెట్టుందో తెలుసుకుంటూ తిరిగేలా రాశారు. గుంటూరు చెట్ల మీద అలాంటిది తెలుగులో రావాలి. మన కాలేజీల్లో బోటనీ విద్యార్థులున్నారు, వాళ్లకి ప్రాజెక్టు కావాలి. పేటకొకరు చొప్పున లెక్క రాసినా మొదటి ముద్రణకి సరిపడా సరుకు చేతికొస్తుంది. ఇళ్లని కూడా అలాగే ఫొటోలు తీయించి ఉంచితే బాగుంటుంది. ఇల్లు పోయాక అయినా ఆ వరండా ఎలా ఉండేదో, ఆ పిట్టగోడ జాలీ ఏ నమూనాలో ఉండేదో చూసుకోవచ్చు, నచ్చినవాళ్లు తమ కొత్తింట్లో పెట్టించుకోవచ్చు.

ఇదంతా చేయడానికి మనుషుల్లేరని అనుకోవలసిన పని లేదు. 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పటి నుంచి ప్లానింగ్‌కి ఒక కార్యదర్శి, పారిశుద్ధ్యానికీ పర్యావరణానికీ ఒక కార్యదర్శి అనే ఏర్పాటు ఉంది. చాలావరకు కుర్రవాళ్లు, చదువుకున్నవాళ్లు. వాళ్లని వారానికి ఒక పూట బండి మీద కాకుండా నడిచి రమ్మనండి. చేతిలో ఒక టేపు, ఒక నోటు పుస్తకం చాలు. ఒక్కొక్క అడ్డరోడ్డు తీసుకుని ఏ చెట్టు ఎక్కడుంది, మొదలు దగ్గర మట్టి ఉందా, ఎన్ని మేకులున్నాయి, ఏ పాత ఇల్లు అమ్మకానికో డెవలప్‌మెంటుకో సిద్ధంగా ఉంది అని రాసుకోమనండి. ఇల్లు ఇవ్వబోతున్నారని వీధి ఇస్త్రీ బండికి, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడికి అందరికంటే ముందు తెలుస్తుంది, వాళ్లని అడగమనండి. పనికి దిగకముందే ఆ ఇంటివాళ్ల దగ్గర కూర్చుని చెట్టు సంగతి మాట్లాడితే, పెంచిన చేతులు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు.

ఎండలు తగ్గే లోపు సిమెంటు తీయించి ఉంచితేనే తొలకరి నీళ్లు వేళ్లకి అందుతాయి. ఈ ఏడాది కుదిరినంత మేరకు ఒకే ఒక్క లైనులో మొదలుపెట్టించండి. ఆ లైనులో మీ సిబ్బంది వెంట నడవడానికి నాలాంటివాళ్లు ప్రతి అడ్డరోడ్డులోనూ ఉన్నారు, పిలిస్తే వస్తాం.

ఇట్లు,
బ్రాడీపేట నివాసి